పెద్దమ్మ పెన్సిల్ చుక్కలు

తార్నాకలో మా పెద్దమ్మ ఉన్న ఇల్లు ఖాళీ చేసే పని నా మీద పడింది. ఆమె పోయి నెల దాటింది. పిల్లలు లేరు. పెద్దనాయిన అంతకు చాలా ముందే పోయాడు. ఇక చెల్లెలి కూతుర్ని నేనే మిగిలాను. ఇంటి ఓనరు మంచివాడే. "తొందరేం లేదు మేడమ్, నెలాఖరు దాంక ఆగుతా" అన్నాడు గానీ, ఆ మాట అంటుండగానే అతని వెనక ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ముందుగది కొలుస్తున్నారు. కోచింగ్ సెంటర్ పెడతారట. ఏం నేర్పుతారని అడిగాను. "స్పోకెన్ ఇంగ్లీషు, గ్రామరు, గవన్నీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో అదే పని బోర్డు లేకుండా ఏళ్ల తరబడి నడిచిందని ఆయనకు ఎవరు చెప్పాలి?

బట్టలు, గిన్నెలు రెండు రోజుల్లో సర్దేశాను. కిటికీ పక్కన గూట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. లోపల నిండా చిట్టీలు. ఆ డబ్బా ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇక మిగిలింది మంచం కింద ఉన్న టైపు మిషన్ పెట్టె ఒక్కటే. దాన్ని మాత్రం తెరవలేదు. తెరవకపోవడానికి కారణం ఉంది. ఆ మిషన్ దగ్గర కూర్చుని నేనొక తప్పు చేశాను. చేసిన తప్పుకన్నా దాన్ని ఒప్పుకోకపోవడం పెద్ద తప్పు. పెద్దమ్మ బతికున్నంత కాలం ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. ఇప్పుడు చెబుదామంటే వినే మనిషి లేదు.

నేను ఎం.ఏ. చదవడానికి ఊరి నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగినప్పుడు తార్నాకలో ఇన్ని ఫ్లాట్లు లేవు. రోడ్డు మీద నిలబడితే క్యాంపస్ చెట్లు కనబడేవి. పెద్దనాయిన రైల్వేలో పనిచేసేవాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని మల్కాజ్‌గిరి స్టేషను దాకా నడిచిపోయేవాడు, సాయంత్రం అదే దారిన నడిచి వచ్చేవాడు. ఆయన వెళ్లగానే పెద్దమ్మ ఇల్లు ఊడ్చి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, మిషన్ మీద కప్పిన పూల గుడ్డ తీసేది. ముందు చిన్న బ్రష్షుతో అక్షరాల మధ్య దుమ్ము దులపడం, తర్వాత ఒక్క చుక్క నూనె, తర్వాత కాగితం, కార్బన్, కాగితం, కార్బన్, కాగితం. మూడు కాపీలు. ఆ ఇంట్లో కార్బన్ వాసన, మిషన్ నూనె వాసన, వంటింట్లో సర్వపిండి కాలే వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త రిబ్బన్ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. పెద్దమ్మ వేళ్ల చివర్లు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. ఆ వేళ్లతోనే జొన్నరొట్టెలు కొట్టేది. రొట్టెకు నీలం అంటిందని పెద్దనాయిన ఒక్కనాడూ అనలేదు.

ఆమె చదివింది మెట్రిక్. అదీ మిషనరీల బడిలో, హాస్టల్లో ఉండి. అయినా యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్లలు తమ థీసిస్సులు టైపు చేయించుకోవడానికి నల్లకుంట నుంచి కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. చేతి వేగం చూసి రాలేదు. ఆ పక్క వీధిలో ఆమెకన్నా వేగంగా కొట్టేవాళ్లు ఉండేవారు. వీళ్లు వచ్చేది ఇంగ్లీషు కోసం. పల్లెల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి వచ్చిన పిల్లలు. గైడును అడగాలంటే సిగ్గు, తోటివాళ్లను అడగాలంటే నామోషీ. అందుకని వరండాలో పెద్దమ్మ ఆ బిస్కెట్ల డబ్బా పెట్టింది. అనుమానం ఉన్నవాళ్లు చిట్టీ మీద రాసి అందులో వేసిపోవాలి. పేరు రాయక్కర్లేదు. సాయంత్రం చాయ్ తాగుతూ ఆమె ఒక్కో చిట్టీ తీసి, దాని వెనకే జవాబు రాసి వరండా గోడకున్న దారానికి గుచ్చేది. మర్నాడు ఎవరి చిట్టీ వాళ్లు చూసుకునేవాళ్లు. కొన్నాళ్లకు అందరివీ అందరూ చదవడం మొదలుపెట్టారు. ఎందుకంటే అందరి అనుమానాలూ ఒకటే.

మొన్న డబ్బాలో దొరికిన చిట్టీలు చూస్తే ఆ రోజులు కళ్లముందు తిరిగాయి. 'డిస్కస్ అబౌట్ అనొచ్చునా?' 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్ కరెక్టా, ఫ్రెండ్స్ కరెక్టా?' 'యూనివర్సిటీ ముందు యాన్ ఎందుకు రాదు, యు అచ్చు కదా?' 'సిన్స్ ఎప్పుడు, ఫర్ ఎప్పుడు?' ఒక చిట్టీలో ఎవరో పాపం 'నేను లెటర్ కింద యువర్స్ ఒబీడియంట్లీ అని పెట్టిన, మా సార్ నవ్విండు, ఎందుకు?' అని రాసుకున్నారు. దాని వెనక పెద్దమ్మ ముత్యాల్లాంటి అక్షరాలతో, 'నవ్వినాయనకు చెప్పు, పది మందిలో తొమ్మిది మంది ఇట్లనే రాస్తరని' అని మొదలుపెట్టి, ఆ తర్వాతే విషయం చెప్పింది. ఎవరికి జవాబిచ్చినా ముందు భయం తీసేది, తర్వాత తప్పు తీసేది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఈ వరస నాకు ఎప్పటికీ పట్టుబడలేదు. నా క్లాసు పిల్లలకు తప్పు ముందు దొరికేది, భయం ఇంటికి తీసుకుపోయేవాళ్లు.

చిట్టీల సంగతి వేరు, థీసిస్సుల సంగతి వేరు. చిట్టీలో అడిగారు గనక జవాబు చెప్పేది. థీసిస్సులో మాత్రం ఒక్క అక్షరం కూడా తనంతట తాను మార్చేది కాదు. టైపు చేసేటప్పుడు వాక్యం ఎక్కడైనా అనుమానంగా అనిపిస్తే, ఉన్నదున్నట్టే కొట్టేసి, తర్వాత కార్బన్ కాపీ మీద ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. అధ్యాయం చివర్న 'చుక్కలు ఇన్ని' అని రాసి, రాసినవాళ్లకు తిరిగి ఇచ్చేది. వాళ్లు ఒక్కో చుక్క దగ్గర ఆగి చూసుకోవాలి. పొరపాటైతే సరిచేసి ఇవ్వాలి. కావాలనే అట్లా రాసి ఉంటే చుక్క పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే ఆమె ఇంకేమీ అడిగేది కాదు.

"తప్పని తెలిసినంక కూడా ఊరికే చుక్క పెట్టుడేంది పెద్దమ్మా, దిద్దేస్తే అయిపోతది గదా?" అని నేను వచ్చిన కొత్తలో అడిగాను.

"నాకు తప్పని కొడతది బిడ్డా. రాసినోళ్లు ఏం మనసుల పెట్టుకొని రాసిన్రో నాకేం ఎరుక? అడుగుడు మన పని. చెప్పుడు వాళ్ల పని."

ఆ మాట నాకు అప్పుడు రుచించలేదు. దానికి నా గోల నాకుంది. క్యాంపస్‌లో క్లాసులు మొదలైన మొదటి వారంలోనే నేను లేచి నిలబడి, "సార్, ఐ యామ్ హ్యావింగ్ వన్ డౌట్" అన్నాను. ఐ హ్యావ్ అంటే సరిపోయేది. వెనక బెంచీలో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకొకరు. మా ఊరి బడిలో ఇంగ్లీషులో ఫస్టు మార్కులు నావే. ఆ పొగరుతోనే వచ్చాను. ఆ నవ్వుతో నా డౌటేమిటో నేనే మర్చిపోయి కూర్చున్నాను. ఆ రోజు నుంచి తప్పు వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరు రాసినా సరే, అది నన్నే నలుగురిలో నిలబెట్టినట్టు ఉండేది. లైబ్రరీలో వ్యాకరణం పుస్తకాలు ఒకటొకటిగా నమిలేశాను. ఆరు నెలలకల్లా పెద్దమ్మ చిట్టీలకు సగం జవాబులు నేనే రాస్తుండేదాన్ని. బాగానే రాసేదాన్ని, భయం తీసే వాక్యం ఒక్కటి తప్ప.

ఆ ఏడాదే పెద్దమ్మ కుడికంట్లో పొర రావడం మొదలైంది. అచ్చు అక్షరాలు కనబడేవి గానీ, వంకరటింకర చేతిరాతలు చూసి కొట్టడం కష్టమైంది. అందుకని నేను చదువుతుంటే ఆమె వింటూ కొట్టేది. కామా దగ్గర కామా, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్, పేరా మారితే కొత్త పేరా అని నేను పైకి అనాలి. గంటలు గంటలు అట్లా సాగేది. క్యారేజీ చివరికొచ్చి గంట కొట్టినప్పుడు నేను ఊపిరి తీసుకునేదాన్ని. నా గొంతు మీద ఆమెకెంత నమ్మకమంటే, తిరిగి చేతిరాతతో పోల్చి చూసుకోవడం మానేసింది.

అప్పుడు వచ్చాడు మల్లేశం. రైతు కుటుంబం, హాస్టల్లో ఉండి చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. వచ్చినప్పుడల్లా చెప్పులు గేటు దగ్గరే వదిలేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. కొత్తగా రైలు పట్టాలు పడ్డ కాలంలో, పట్టాల పక్క ఊళ్ల రైతులు రైలు దొరలకు పెట్టుకున్న అర్జీల మీద అతని థీసిస్. ఆ రైతులకు ఇంగ్లీషు రాదు. స్టేషన్ల దగ్గర అర్జీలు రాసిపెట్టేవాళ్లు ఉండేవారట. వాళ్లకు వచ్చింది కూడా అరకొర ఇంగ్లీషే. రైతు తెలుగులో చెప్పింది చెప్పినట్టు, మాట పక్కన మాట పేర్చి రాసేవాళ్లు. అట్లాంటి అర్జీలు సంపాదించి, ఒక అధ్యాయం నిండా ఎత్తి రాసుకున్నాడు మల్లేశం. థీసిస్ ఇవ్వడానికి గడువు దగ్గర పడింది. ఈసారి దాటితే ఫెలోషిప్ ఉండదు, హాస్టల్ గది ఉండదు, ఊరికి పోయి నాగలి పట్టుకోవడమే. ఈ సంగతి అతను చెప్పలేదు, పెద్దనాయిన ఆరా తీసి చెప్పాడు.

ఆ అధ్యాయం చదవడం మొదలుపెట్టిన పూట నాకు ఇంకా గుర్తుంది. మొదటి అర్జీలోనే, 'సర్, మై టూ బుల్లక్స్ ఈజ్ మై టూ హ్యాండ్స్. యువర్ రైల్ ఈజ్ ఈటింగ్ మై హ్యాండ్స్. నౌ విత్ వాట్ ఐ విల్ ఈట్?' అని ఉంది. నా రెండెడ్లే నా రెండు చేతులు, మీ రైలు నా చేతులు తింటున్నది, ఇప్పుడు నేను దేనితో తినాలె అని ఎవరో ముసలాయన మొత్తుకుంటున్నాడు. నాకు ఆ మొత్తుకోవడం వినబడలేదు. వినబడ్డది వెనక బెంచీ నవ్వు. ఈ థీసిస్ ఎక్కడో పెద్దపెద్ద ప్రొఫెసర్ల చేతుల్లో పడుతుంది, వాళ్లు ఈ వాక్యం చదివి కిసుక్కున నవ్వుతారు, ఈ ముసలాయన నలుగురిలో నిలబడతాడు. నిలబడనివ్వకూడదనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను, ఇప్పుడు కల్పించి చెప్పడం లేదు. చదవాల్సింది చదవకుండా, 'టూ బుల్లక్స్ బిలాంగింగ్ టు మీ వర్ కిల్డ్ బై ద ట్రెయిన్, ఫుల్‌స్టాప్, ఐ రిక్వెస్ట్ యూ టు కన్సిడర్ మై కేస్, ఫుల్‌స్టాప్' అన్నాను. పెద్దమ్మ కొట్టేసింది. ఒకటి మార్చాక రెండోది మార్చడం తేలిక. ఆ అధ్యాయమంతా అట్లాగే దిద్దుకుంటూ పోయాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది గానీ, గర్వంగా ఉంది. పెద్దమ్మ మాత్రం మధ్యలో ఒకసారి, "గప్పటి రైతులు మంచి ఇంగ్లీషే రాయించుకున్నరే" అంది. నేను నీళ్లు తాగాలని లేచి వెళ్లాను.

రెండు రోజుల తర్వాత మల్లేశం వచ్చాడు. వరండాలో నిలబడే కాగితాలు తిరగేశాడు. తిరగేస్తూ తిరగేస్తూ ఒక దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. నేను గుమ్మం లోపల నిలబడి చూస్తున్నాను.

"అమ్మా, గిది ఎవరు రాసిన్రు?" అన్నాడు చివరికి.

"ఎవరేంది నాయినా, నీ కాగితాలల్ల ఉన్నదే గదా!"

"నేన్ రాయలేదమ్మ. మా తాత గూడ గిట్ల చెప్పలే."

ఆ ఎడ్ల అర్జీ పెట్టుకున్నది మల్లేశం తాత. ఆ ముక్క అతను థీసిస్‌లో ఎక్కడా రాయలేదు. అందరి అర్జీల్లో ఒకటిగా కలిపేశాడు. గొంతు పెంచలేదు. కాగితం మీద ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, "తప్పులున్నయని నాకు తెల్వదా అమ్మా? గని చదివితే ఆయన మాట్లాడినట్టే ఉంటది. మా ఇంట్ల ఆయన ఫోటో గూడ లేదు. ఉన్నది గిదొక్కటే" అన్నాడు.

అప్పుడు నేను ముందుకొచ్చి నోరు విప్పాలి. గుమ్మానికి వరండాకు మధ్య రెండడుగుల దూరం. ఆ రెండడుగులు వేయలేకపోయాను. పెద్దమ్మ కాసేపు కాగితాలకేసి, తర్వాత నాకేసి, మళ్లీ కాగితాలకేసి చూసింది.

"నా చెవులది తప్పు నాయినా" అంది. "ఈ మధ్య సరిగ వినొస్తలేదు. ఒకటంటె ఒకటి కొడుతున్న. రెండు రోజులియ్యి, మొత్తం మల్ల కొట్టిస్త. నీ తారీకు దాటనియ్య."

రెండు రోజులు నేను క్లాసులకు పోలేదు. పొద్దున ప్రార్థన అయింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా ఆ అధ్యాయమంతా మళ్లీ కొట్టాం. ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. ఈజ్ ఉన్నచోట ఈజ్, లేనిచోట లేదు. అయితే ఈసారి పెద్దమ్మ ప్రతి అర్జీ దగ్గరా ఆగేది. నేను ఒక వాక్యం చదవగానే చేతులు మిషన్ మీద ఆపి, "మల్ల చెప్పు బిడ్డా" అనేది. చెబితే కాసేపు నాకేసి చూసి, అప్పుడు కొట్టేది. "మల్ల చెప్పు బిడ్డా." "మల్ల చెప్పు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. నిజంగానే చెవులు పోతున్నాయని ఆమె నమ్ముతోందేమో, ఆ భయం పుట్టించింది నేనే కదా అనుకునేదాన్ని. చెప్పేస్తే ఆమె చెవులు ఆమెకు దక్కుతాయి. చెప్పలేదు. మల్లేశం గడువుకు ఒక రోజు ముందే థీసిస్ ఇచ్చేశాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర చెప్పులు తొడుక్కుని, లోపలికి చూసి దండం పెట్టాడు. అది పెద్దమ్మకే అని నాకు తెలుసు.

తప్పుడు కాగితాల కట్ట ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ ఆ కట్టను ఒక ఫైల్లో పెట్టి నా పుస్తకాల మీద ఉంచింది. "తీరిక చేసుకొని చూడు" అంది. నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే భయం. పారేద్దామంటే ఆమె అడుగుతుందేమో. ఆమె బయటికి పోయినప్పుడు తీసుకెళ్లి మిషన్ పెట్టె అడుగున, అట్టముక్క కింద తోసేశాను. ఆమె మళ్లీ అడగలేదు. కొన్నాళ్లకు నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఊరు పోయాను. ఆ తర్వాత పెద్దమ్మ విని కొట్టే పని మానేసిందని, శుభ్రంగా రాసి తెచ్చినవే తీసుకుంటోందని పెద్దనాయిన ఉత్తరం రాశాడు. కారణం ఆయన రాయలేదు, నేను అడగలేదు. చెవులేనని నేను అనుకున్నాను. చివరి రోజుల్లో తొంభై దగ్గర పడ్డాక కూడా వంటింట్లో పాలు పొంగే చప్పుడు ముందుగదిలో వినేది మా పెద్దమ్మ. అది చూసి కూడా నాకేమీ తట్టలేదంటే, తట్టకూడదనే అనుకున్నానేమో.

ఇప్పుడు రిటైరై మళ్లీ తార్నాకలోనే ఉంటున్నాను. సాయంత్రాలు క్యాంపస్‌లో నడుస్తాను. లైబ్రరీ దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుంటే హాస్టల్ పిల్లలు ఎవరో ఒకరు వస్తారు. అవే అనుమానాలు. డిస్కస్ అబౌట్ ఇంకా పోలేదు, సిన్స్, ఫర్ ఇంకా తేలలేదు. కాకపోతే ఇప్పటి పిల్లలు సిగ్గుపడరు. ఫోన్ ముందు సిగ్గెందుకు? తప్పు చూపించి, దిద్ది, చేతిలో పెడుతుంది. ఒకప్పుడు నేను నానా తంటాలు పడి మార్చిన అధ్యాయాన్ని అది కంటిరెప్ప కొట్టేలోపు మార్చేస్తుంది. దాన్ని తిట్టే హక్కు నాకు లేదు, దాని పని నేను దానికన్నా ముందే చేశాను.

పోయిన వారం స్రవంతి అనే అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. వ్యవసాయం మీద పరిశోధనకు సీటు కోసం, ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక పేజీ రాయమన్నారట.

"ఒక్కసారి చూడరా మేడమ్, తప్పులున్నయేమో. రేపే లాస్ట్ డేట్."

చూశాను. ఒక్క తప్పు లేదు. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, ఎవరు తొడుక్కున్నా సరిపోయేట్టు. "నీకు ఈ చదువెందుకమ్మా?" అని తెలుగులోనే అడిగాను.

"మా అమ్మ ఇత్తనాలు దాస్తది మేడమ్. బూడిదల కలిపి కుండలల్ల పెడ్తది. ఊరంత మా ఇంటికే వస్తరు ఇత్తనాలకు. ఒక్క గింజకు పురుగు పట్టదు. ఎట్లనో నాకు తెల్సుకోవాలని."

"మరి ఇందులో అది లేదేం?"

"ఫస్టు రాసిన దాంట్ల ఉండె. గలీజ్ ఇంగ్లీషుల రాసిన. ఫోన్‌ల పెడ్తె గిట్ల చేసిచ్చింది. బాగనే ఉన్నదనిపించింది."

మొదటిది ఉందా అని అడిగితే, ఫోన్లో వెతికి తీసింది. నా బ్యాగులో పెన్సిల్ ఉంటే తీసుకుని, ఆ మొదటిది తన చేతే మళ్లీ కాగితం మీద రాయించాను. పక్కన నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, ఎందుకు పెట్టానో చెప్పి, ఎట్లా ఉంచాలో నువ్వే చూసుకో అన్నాను. ఆ అమ్మాయి బెంచీ మీద పక్కకు తిరిగి కూర్చుని, రెండు సరిచేసి, రెండింటి పక్కన టిక్కు పెట్టింది. కుండల వాక్యం పక్కన టిక్కు పెట్టి నా మొహంలోకి చూసింది. ఇంటికి బస్సెక్కి పెన్సిల్ బ్యాగులో పెట్టుకున్నాను. అన్నేళ్లు పాఠాలు చెప్పి, నేను ఒక్కరికి కూడా చుక్క పెట్టలేదు. ఎర్ర సిరాతో కొట్టేశాను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి పోయి మిషన్ పెట్టె బయటికి లాగాను. మిషన్ ఎత్తి బల్ల మీద పెట్టాను. అడుగున అట్టముక్క, దాని కింద నేను తోసేసిన ఫైలు అట్లాగే ఉంది. తెరిస్తే పసుపుబారిన కార్బన్ కాపీలు. ఎడ్ల అర్జీ మొదటి పేజీలోనే ఉంది. 'టూ బుల్లక్స్ బిలాంగింగ్ టు మీ' అన్న వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్ చుక్క ఉంది. దాని కింది వాక్యం పక్కన ఇంకోటి. పేజీ తిప్పాను. ఎక్కడెక్కడ నేను మార్చానో అక్కడల్లా చుక్క. నేను మార్చని వాక్యం పక్కన ఒక్కటి కూడా లేదు. పొర పట్టిన కంటితో, మళ్లీ కొట్టిన ఆ రెండు రోజుల రాత్రుళ్లు మల్లేశం చేతిరాతను పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం పోల్చి చూసిందన్నమాట. చివరి పేజీ అడుగున అవే ముత్యాల అక్షరాలు: 'చుక్కలు ఇరవై మూడు.'

ఆమె చెవులకు ఏమీ కాలేదు. "మల్ల చెప్పు బిడ్డా" అని ఆ రెండు రోజులూ అడిగింది వినబడక కాదు. నేను చెబుతానని. చెప్పకపోతే, రాసినవాళ్లకు ఎట్లా ఇస్తుందో అట్లాగే ఫైల్లో పెట్టి నా పుస్తకాల మీద ఉంచింది. అడుగుడు తన పని, చెప్పుడు నా పని. అడగడం అయిపోయింది కాబట్టి ఊరుకుంది. నేను తెరిచి చూసుకోలేదు. పెద్దమ్మ జవాబు కోసం ఎన్నేళ్లు చూసిందో, ఏ రోజున చూడటం మానేసిందో నాకు తెలియదు. ఆమె టైపు చేసే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ముందుగదిలో కొలతలు తీస్తున్నవాళ్లు టేపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

కాసేపటికి మల్లేశానికి ఫోన్ చేశాను. రిటైరై మల్కాజ్‌గిరిలో ఉంటున్నాడు, పెద్దమ్మ పోయినప్పుడు వచ్చి నంబరు ఇచ్చి వెళ్లాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "అమ్మ తన చెవులది తప్పని చెప్తె గదే నమ్మిన" అన్నాడు. తర్వాత, "సాయంత్రం నేన్ గూడ వస్తా. గా ఫైలు ఓసారి చూస్త" అన్నాడు.

అతను వచ్చేలోపు చేయాల్సిన పని ఒకటి ఉంది. బ్యాగులోంచి నిన్నటి పెన్సిల్ తీశాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఒక్కో చుక్క దగ్గర ఆగి, ఆ వాక్యం చదువుకుని, పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. అవును పెద్దమ్మా, తెలిసే మార్చాను. అవును, ఇది కూడా నేనే. ఇరవై మూడూ అయ్యాక, చివరి పేజీలో ఆమె రాసిన లెక్క పక్కన నా పేరు రాశాను.